రేకుల గదీ, మిద్దె గదీ

జేబులో ఫోను పెట్టుకుని తిరిగే మీకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. మా రోజుల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మాట పోవాలంటే మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషిని నేను. చెవులకి హెడ్‌సెట్టు, ఎదురుగా చెక్క బోర్డు, చేతిలో తీగలు. రిటైరయ్యేదాకా అదే కొలువు. గొప్పలు చెప్పుకోవడానికి ఇది రాయట్లేదు. చెప్పుకోదగ్గ గొప్పలే ఉంటే మా ఆవిడ ఎప్పుడో ఊరంతా చాటేసేది. నేను రాస్తున్నది నా కుళ్ళు గురించి. అవును, కుళ్ళే. అసూయ అంటే కాస్త పుస్తకాల మాటలా ఉంటుంది, నాకున్నది అంత శుభ్రమైన సరుకు కాదు.

డెబ్భైల్లో నేను జగ్గయ్యపేటలో ఆపరేటర్ని. పేట నుంచి బెజవాడకి గానీ గుంటూరుకి గానీ ట్రంక్ కాల్ కావాలంటే లైను నందిగామ మీదుగా పోవాలి. నేను నందిగామ ఆపరేటర్ని పిలవాలి, ఆయన బెజవాడ వాళ్ళని పిలవాలి. అంటే పొద్దున డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా నేనూ ఆ నందిగామాయనా ఒకళ్ళ గొంతు ఒకళ్ళం వినాల్సిందే. మొహాలు చూసుకున్నది మాత్రం ఏడాదికి ఒకటి రెండు సార్లే. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నవాడు. నన్ను "గురువుగారూ" అని పిలిచేవాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఎందుకంటారా? ఆయనకున్న మంచి పేరు అలాంటిది. "నందిగామాయన బంగారమండీ", "ఆయన ఫోనెత్తితే సగం పని అయినట్టేనండీ". పేట వ్యాపారస్తులు నా కౌంటరు ముందు నిలబడి, నా మొహం మీదే ఈ మాటలు అనేవాళ్ళు. మామిడికాయల రోజుల్లో రెడ్డిగూడెం వైపు నుంచి ఆయనకి బుట్టలు వచ్చేవి. నాకు కంప్లయింట్లు వచ్చేవి. బెజవాడ నుంచి వచ్చిన సూపర్వైజరు ఆ కాగితాలు నా ముందు పరిచి, "అదే లైనండీ, అదే జనం. నందిగామలో ఆయనకి ఒక్క కంప్లయింటు లేదు. కాస్త ఆయన్ని చూసి నేర్చుకోండి" అని హితవు చెప్పి పోయాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మా ఆవిడ కొట్టింది. పుట్టింటికి పోతూ నందిగామలో బస్సు దిగి, నాకేదో కబురు చెప్పాలని ఎక్స్ఛేంజికి వెళ్ళిందట. ఆయన లేచి నిలబడి, కుర్చీ వేసి, కూజాలో నీళ్ళిచ్చి, "వదినగారూ, ఎండన పడి వచ్చారు, కాస్త చల్లబడి వెళ్ళండి" అన్నాడట. ఇంటికొచ్చాక రెండు రోజులు ఇదే పాట. "ఎంత మర్యాదండీ ఆయనది! మీరూ ఉన్నారు, ఎందుకూ?" అంది. ఆ "ఎందుకూ" నా గుండెల్లో ముల్లులా దిగింది.

ఇప్పుడు మా రెండు గదుల సంగతి చెప్పాలి. పేటలో మాది అద్దెకి తీసుకున్న రేకుల గది, పడమటి ముఖం. కిటికీ తెరిస్తే రోడ్డు మీద సున్నపురాతి దుమ్మంతా బోర్డులోకి వస్తుందని ఎప్పుడూ మూసే ఉంచాలి. ఫ్యాను ఉంది గానీ నెత్తికి తగిలేంత కిందకి ఉండేది. వేస్తే ఎవరికి ఏ ఊరు కావాలో రాసి పెట్టుకునే కాల్ టిక్కెట్లు గాల్లోకి లేచేవి. ఒకసారి ఒకాయన టిక్కెట్టు ఎగిరి బోర్డు వెనక పడి, పాపం ఆయన పొద్దుగూకేదాకా బెంచీ మీదే కూర్చున్నాడు. దాంతో ఫ్యానుకి శాశ్వతంగా సెలవిచ్చేశాం. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో కూర్చుంటే చెవుల మీది హెడ్‌సెట్టు కాలేది. బోర్డు వేడెక్కకుండా చూసుకోమని పైనుంచి కాగితాలొచ్చేవి. బోర్డు ముందు కూర్చున్న వాడి గురించి మాత్రం ఒక్క కాగితం రాలేదు.

నందిగామలో వాళ్ళది పాత మిద్దె. మూరెడు మందం గోడలు, ఎత్తైన కప్పు, అంత ఎత్తునుంచి నెమ్మదిగా తిరిగే ఫ్యాను. ఉత్తరం వైపు వరండాకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. మొదటిసారి ఆ గదిలో అడుగు పెట్టినప్పుడు నాకు అర్థమైపోయింది. ఓహో, ఇదా నీ మంచితనం అనుకున్నా.

మా లైన్‌మన్ ఒక సాయిబుగారు. స్తంభాలెక్కి ఎక్కి మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, నోరు మాత్రం అరగలేదు. ఒకరోజు నా చేత చివాట్లు తిని బీడీ ముట్టించుకుంటూ అన్నాడు: "సార్, పొద్దున పదింటికి మీరు వేరే మనిషండీ. మధ్యాహ్నం రెండింటికి వేరే మనిషి. నేను రెండో ఆయనతో మాట్లాడటం మానేశా. పనుంటే పొద్దున్నే చెప్పించుకుంటున్నా." నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. తర్వాత కంప్లయింటు కాగితాలన్నీ తీసి చూసుకుంటే ప్రతి ఒక్కటీ ఎండాకాలం మధ్యాహ్నానిదే.

మా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని ఒకటుంది. ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందంటే ఆ కాలుని వరసలో పెట్టకుండా అన్నిటికంటే ముందు ఇవ్వాలి. ఇవ్వాలా వద్దా అన్నది ఆపరేటరు చేతిలో ఉండేది. మా పేటలో మిర్చి వ్యాపారస్తులు దీన్ని బాగా వాడుకున్నారు. గుంటూరులో మిర్చి ధర పక్క కొట్టు వాడికంటే ముందు తెలియాలి. దానికోసం గుమాస్తాలని పంపేవాళ్ళు. "సార్, మా అమ్మకి ప్రాణం మీదికొచ్చిందండీ, గుంటూరు అర్జంటండీ" అని కౌంటరు దగ్గర ఏడుపు మొదలయ్యేది. లైను కలిపాక, "బాబాయ్, సన్న మిర్చి ఎంత, తాలుకాయ ఎంత?" అని మాట్లాడేవాళ్ళు. ఈ గుమాస్తాల్లో పెనుగంచిప్రోలు కుర్రాడొకడు ఉండేవాడు. కుర్రాడంటే ముప్ఫై ఏళ్ళవాడే. యజమాని పంపితే వచ్చి తల్లిని చంపేసేవాడు. నేను వాడిని మూడుసార్లు పట్టుకున్నా. అబద్ధమాడేటప్పుడు వాడి గొంతు పెరిగేది, మాట వేగంగా వచ్చేది, ముందే వల్లించుకొచ్చిన పద్యంలా. ఆ గొంతు నాకు కంఠతా వచ్చేసింది.

సరే, నా కుళ్ళు ముదిరి ముదిరి ఒక ఆలోచన పుట్టింది. ఆయన కుర్చీ నాకు కావాలి. పరస్పర బదిలీ పెట్టుకోవాలంటే ఆయన ఒప్పుకోవాలి. లైన్లో గొంతు దిగులుగా పెట్టి, "మా ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదండీ. పుట్టింటి వాళ్ళు నందిగామ దగ్గరే. అక్కడుంటే వాళ్ళు చూసుకుంటారు" అన్నా. మా ఆవిడ ఆ రోజు పొద్దున్నే రెండు బిందెల నీళ్ళు చంకనేసుకుని వచ్చింది.

"అయ్యో, అంత మాటా గురువుగారూ! వదినగారి ఆరోగ్యం కంటేనా? రాసేయండి, నేను సంతకం పెడతా. రెండు మూడేళ్ళే కదా" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి కూడా నాకు కడుపు మండింది. ఇదీ మంచితనమేనా, దీనికీ పేరొస్తుందా అని.

ఎనభైలు మొదలయ్యేసరికి నేను నందిగామలో, ఆయన పేటలో. ఆయన పేటకి వెళ్ళినా నా నోట్లో నందిగామాయన గానే ఉండిపోయాడు. మిద్దె గదిలో కూర్చున్న వారానికే నా గొంతు మారిపోయింది. "అయ్యా", "అమ్మా" అని వాటంతట అవే వచ్చేసేవి. "కొత్తాయన ఎంత నెమ్మదస్తుడండీ" అన్నారు జనం. వేదాద్రి వెళ్ళొచ్చిన ఒకాయన ప్రసాదం తెచ్చిచ్చాడు. నేను నిజంగానే మంచివాడినని నమ్మేశా. చూశారా, ఇన్నాళ్ళూ నాకు అవకాశం రాలేదు అంతే అనుకున్నా.

అటు పేటలో మొదటి ఎండాకాలం ఆయన తట్టుకున్నాడు. రెండో ఎండాకాలం లైన్లో ఆయన గొంతు తేడా కొట్టింది. ముందు "గురువుగారూ" పోయి "ఏమండీ" అయింది. తర్వాత "ఊఁ, చెప్పండి" అయింది. ఒకరోజు ఎవరినో "మీకు చెవుడా?" అనడం విన్నా. నా చెవుల్లో తేనె పోసినట్టయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? మధ్యాహ్నం పూట నా పని అయిపోయినా తీగ తీయకుండా ఆ విసుర్లు వినేవాణ్ణి. పేట నుంచి వచ్చిన సాయిబుగారు, "సార్, మీ రెండో ఆయన ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడండీ" అంటే పడీ పడీ నవ్వా. ఆయన నవ్వలేదు.

అలాంటి ఒకరోజు, రోహిణి కార్తె మధ్యలో. రెండు దాటింది. మా గదిలో తడికలకి అప్పుడే నీళ్ళు చల్లి వెళ్ళారు. పేట నుంచి లైను తెరుచుకుంది. అక్కడి ఫోను బూత్ లోంచి ఎవరో మాట్లాడుతున్నారు. ఆ పెనుగంచిప్రోలు గుమాస్తా.

"అయ్యా, మా అమ్మ... మా అమ్మకి బాలేదండీ. మా అన్న బెజవాడలో లారీ డ్రైవరండీ. మూడింటికి కలకత్తా లోడు ఎత్తుకుని పోతాడండీ. మళ్ళీ ఇరవై రోజులకి గానీ రాడు. ఒక్కమాట చెప్పాలండీ, బయల్దేరొద్దని. అమ్మ వాడినే అడుగుతోంది."

గొంతు పెరగలేదు. మాట వేగంగా రాలేదు. మధ్య మధ్యలో ఆగిపోతోంది. ఆ గొంతు అబద్ధమాడితే ఎలా ఉంటుందో ఈ భూమ్మీద నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇది నిజం.

పేటలో నందిగామాయన అన్నాడు: "మీ అమ్మ నెలకి ఎన్నిసార్లు పోతుందయ్యా? పోయిన వారమే కదా పోయింది?"

బూత్ లో వాడు ఏడ్చాడు. "అవునండీ, అబద్ధం చెప్పానండీ, సేటు చెప్పమంటే చెప్పానండీ. ఇది నిజమండీ."

అప్పుడు ఆయన నన్ను పిలిచాడు. గొంతు ఎండిపోయి ఉంది. "గురువుగారూ, లైన్లో ఉన్నారా? వీడు మీకు పాత పరిచయమే కదా. నాకు బుర్ర పని చెయ్యట్లేదండీ. నిజమేనంటారా? ముందు పెట్టమంటారా?"

చాలా రోజుల తర్వాత మళ్ళీ "గురువుగారూ" అన్నాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. "పెట్టండి" అంటే చాలు, నేనే బెజవాడని పిలిచి అర నిముషంలో కలిపేవాణ్ణి. నాకేం తెలియక కాదు. తెలిసే ఆగా. దీని మీద ఒక కంప్లయింటు రావాలి. ఆయన బంగారం కాదని ఒక్కసారి కాగితం మీద ఉండాలి. ఈ ఆలోచన రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను గానీ, వచ్చాక నా గొంతు చాలా మర్యాదగా వచ్చింది.

"మీ బోర్డు, మీ ఇష్టమండీ" అన్నా.

"వరసలో ఉండవయ్యా" అని ఆయన వాడితో అనడం వినిపించింది.

బెజవాడ లారీ ఆఫీసుకి కాలు కలిసేసరికి అయిదు దాటింది. కలిపింది నేనే. "మూడింటికే వెళ్ళిపోయాడయ్యా" అని అటునుంచి జవాబు. బూత్ లో వాడు ఆ మాట విని ఫోను పెట్టలేదు, అలాగే పట్టుకుని ఉన్నాడు. వాడి ఊపిరి నాకు వినిపిస్తోంది. లైను నేనే తీసేశా.

వాడి తల్లి మర్నాడు పొద్దున పోయిందట. పోయేదాకా గుమ్మం వైపే చూస్తూ, చెప్పు చప్పుడైతే చాలు, "పెద్దాడేనా?" అని అడిగిందట. పెద్దకొడుకు వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఇదంతా సాయిబుగారు చెప్పాడు. గుమాస్తా యజమానికి పైన పలుకుబడి ఉంది. తన అబద్ధాలే వాడి మెడకి చుట్టుకున్నాయని ఆయనకి బాధ కలిగినట్టుంది. ఆ బాధంతా కంప్లయింటు కాగితంలో పెట్టాడు.

విచారణకి బెజవాడ నుంచి ఆఫీసరొచ్చాడు. పేటలో జరిగినదానికి పేటలోనే విచారణ పెట్టాలి. కానీ ఆ రేకుల గదిలోకి తొంగి చూసి, "అబ్బో, ఇక్కడ కూర్చోలేం" అని అందర్నీ నందిగామ రమ్మన్నాడు. మిద్దె గదిలో, ఫ్యాను కింద, మజ్జిగ తాగుతూ ఆ మాట పైకి చదివాడు. "మీ అమ్మ నెలకి ఎన్నిసార్లు పోతుందయ్యా." ఆ చల్లదనంలో ఆ మాట ఎంత ఘోరంగా వినిపించిందంటే, ఆఫీసరు చదవడం ఆపి నందిగామాయన వైపు పురుగుని చూసినట్టు చూశాడు.

"ఇలా అన్నారా?"

"అన్నానండీ."

"ఎందుకన్నారు? మీకూ తల్లి ఉంది కదా?"

"ఉందండీ. ఎందుకన్నానో నాకే అర్థం కావట్లేదండీ."

గుమ్మంలో నిలబడ్డ సాయిబుగారు ఉండబట్టలేక అందుకున్నాడు. "అయ్యా, తప్పయితే క్షమించండి. ఈ విచారణ మా రేకుల గదిలో పెట్టండయ్యా, మధ్యాహ్నం రెండింటికి. తమరు అక్కడ కూర్చుని అడగండి, ఆయన అక్కడ కూర్చుని చెబుతారు."

ఆఫీసరు నవ్వాడు. "ఉక్కపోతకీ మర్యాదకీ సంబంధమేంటయ్యా? వెళ్ళు, వెళ్ళు."

సంబంధం ఉందని ఆ గదిలో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఏడేళ్ళు ఆ రేకుల కింద ఉడికినవాణ్ణి. నా పాత కంప్లయింటు కాగితాలే సాక్ష్యం. నోరు విప్పలేదు. అప్పుడు ఆఫీసరు నా వైపు తిరిగాడు.

"ఆ టైములో లైన్లో మీరున్నారు కదా? ఈయన మిమ్మల్నేమైనా అడిగాడా?"

నందిగామాయన తన వాంగ్మూలంలో ఆ సంగతి రాయలేదు. అప్పటికే చదివి వినిపించారు, నా పేరే లేదు. నా వైపు చూస్తున్నాడు. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. నేనేం చెబుతానో చూద్దామన్నట్టు చూస్తున్నాడు.

"లైన్లో గరగర ఎక్కువగా ఉందండీ. నాకేం వినపడలేదు" అన్నా.

ఆయన తల దించుకున్నాడు. "అడిగాను కదండీ" అనొచ్చు. అనలేదు. ఇంతకాలం తర్వాత చెబుతున్నా, ఆ మౌనం చూసినా నాకు పుట్టింది జాలి కాదు, సిగ్గు కూడా కాదు. అప్పుడూ కుళ్ళే. ఇంత పరువు పోయే టైములో కూడా ఈ మనిషి నాకంటే పైనే ఉన్నాడే అని.

సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడింది. ఏజెన్సీ వైపు బదిలీ వేశారు. ఆఫీసరు జీపు కదిలాక ఆయన తన సంచీ తీసుకోవడానికి లోపలికొచ్చాడు. ఇద్దరమే ఉన్నాం. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. ఓదార్చి పంపిస్తే నా మనసు తేలికవుతుందని కాబోలు.

"ఆ రేకుల కింద కూర్చుంటే ఎవరైనా అంతేనండీ. నేను పడలా? మీరేం మనసులో పెట్టుకోకండి. అదంతా ఎండ" అన్నా.

ఆయన సంచీ భుజాన వేసుకుని ఆగాడు. పైన తిరుగుతున్న ఫ్యాను వైపు, తడిగా ఉన్న తడికల వైపు ఒకసారి చూశాడు. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"నాకైతే ఎండ అనుకుందాం గురువుగారూ. మీకేమైంది?"

ఆయన వరండా మెట్లు దిగుతుండగానే బోర్డు మీద ఎవరిదో కాలు వచ్చింది. తీగ పెట్టి, "నందిగామ, చెప్పండమ్మా" అన్నా. గొంతు ఎంత చల్లగా, ఎంత మెత్తగా వచ్చిందంటే నాకే భయమేసింది.